కాలేజీ కోడున్న రాఖీ

సాతంరాయి దాటి బెంగళూరు రోడ్డు మీద కొంతదూరం పోయి లోపలికి తిరిగితే ఆ ఇంజనీరింగ్ కాలేజీ వస్తుంది. ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడే దాన్నీ తెరిచారు. మూడంతస్తుల భవనం, దాని ముందు నీళ్లు రాని ఫౌంటెను, ఫౌంటెను నడుమ వీణ లేని సరస్వతీదేవి. వీణ చేస్తానన్న శిల్పి మళ్లీ రాలేదని కొందరు, కరస్పాండెంటే వద్దన్నాడని కొందరు అనేవారు. ఏమైతేనేం, చదువులతల్లి నాలుగేళ్లుగా ఒడిలోంచి ఎవరో ఏదో లాక్కుపోయినట్టు ఖాళీ చేతులతో కూర్చుని ఉంది. విమానాలు ఆ భవనం మీదుగానే దిగుతాయి. అప్పుడు పాఠం చెప్పేవాళ్లు తెరిచిన నోరు తెరిచినట్టే ఆగి, మోత పోయాక మళ్లీ అందుకుంటారు. అలా ఆగినప్పుడే కాస్త బాగా అర్థమయ్యేదని పిల్లలు చెప్పుకునేవారు.

చదువు ఎలా ఉన్నా ఆ కాలేజీకి మర్యాద పట్టింపు మెండు. మర్యాదంటే అక్కడ ఒకటే: ఆడపిల్లలూ మగపిల్లలూ మాట్లాడుకోకూడదు. వీళ్ల మెట్లు వేరు, వాళ్ల మెట్లు వేరు. లైబ్రరీ నడుమ ప్లైవుడ్ అడ్డం పెట్టారు. లెక్కల పుస్తకాలు మగపిల్లల వైపు, ఫిజిక్సు పుస్తకాలు ఆడపిల్లల వైపు పడిపోయాయి గనక పూర్తి చదువు ఇటూ దొరకలేదు, అటూ దొరకలేదు. క్యాంటీన్లో ముందు ఆడపిల్లలు తిని లేవాలి, తర్వాత మగపిల్లలు రావాలి. ఇంత కట్టడిలో పగలంతా కళ్లెత్తి చూసుకోనివాళ్లు ఇంటికి పోయి ఫేస్‌బుక్కులో కడుపునిండా మాట్లాడుకునేవారు. ఆ సంగతి ప్రిన్సిపాల్ రాజారావుకు తప్ప అందరికీ తెలుసు.

మనీషా అక్కడ మూడో ఏడు చదువుతోంది. సాతంరాయి రైతు రాములు కూతురు. అదే క్లాసులో కొండల్ అని ఒకడున్నాడు. వాడు రాములు సొంత అక్క శివమ్మ కొడుకు, అంటే మనీషాకు మేనబావ. రెండిళ్లకూ నడుమ ఒక గోడ. చదువులు కాగానే పూలుపండ్లు పెట్టుకుని లగ్గం చేద్దామని పెద్దలు ఎప్పుడో మాట అనుకున్నారు. పెద్దల మాట కాదనడానికి పిల్లలకూ ఏ కారణం కనపడలేదు. గోడమీద చెయ్యి ఆనించి వాడు ఏదో ఒక వంక పెట్టుకుని మాట్లాడని సాయంత్రం మనీషాకు అన్నం సయించేది కాదు.

కానీ కాలేజీలో ఈ ముక్క ఎవరికీ తెలియదు. తెలియనివ్వలేదు.

ఆ కాలేజీలో మనుషులు రెండు రకాలు. అత్తాపూర్ వైపు నుంచి కాలేజీ పచ్చబస్సులో వచ్చేవాళ్లు ఒక రకం, చుట్టుపక్కల ఊళ్ల నుంచి షేర్ ఆటోల్లో వచ్చేవాళ్లు ఇంకో రకం. రెండోరకాన్ని మొదటిరకం 'లోకల్స్' అనేది. ఊరు ఎవరిదో వాళ్లనే పక్కకు నెట్టే పేరది. మనీషా ఏడాదిపాటు కష్టపడి పచ్చబస్సువాళ్ల బెంచీలో చోటు సంపాదించింది. తలకు నూనె మానింది. డబ్బాలో జొన్నరొట్టె మానింది. 'ఏంది' అనబోయి 'ఏంటి' అనడం నేర్చింది. దేవుడు ఇచ్చిన నోటిని ఇంత తిప్పలు పెడితే వచ్చింది బెంచీలో జానెడు చోటు.

ఆ బెంచీకి అలేఖ్య పెద్ద. కోస్తా నుంచి వచ్చి అత్తాపూర్‌లో స్థిరపడిన ఉద్యోగస్తుల పిల్ల. ఒకరోజు ఆ బెంచీలోనే ఒక అమ్మాయి మాటల్లో, చదువు కాగానే బావతో పెళ్లని చెప్పింది. అలేఖ్య ముఖం చిట్లించింది.

"ఛీ, కజిన్‌ని చేసుకుంటావా? ఈ రోజుల్లో కూడానా? మీ లోకల్స్‌లో ఇంకా ఉందా అది?"

బెంచీ అంతా నవ్వింది. మనీషా కూడా నవ్వింది, అందరికంటే కాస్త గట్టిగానే. ఆ అమ్మాయి మర్నాటి నుంచి వెనక బెంచీకి పోయింది. ఆ సాయంత్రమే గోడ దగ్గర మనీషా కొండల్‌తో అంది, "బావా, కాలేజీల నన్ను పిలవకు, పలకరియ్యకు."

"నేనెందుకు పిలుస్త? నాకు మాత్రం ఇజ్జత్ లేదా?" అన్నాడు కొండల్. "మా దోస్తులకు తెలిస్తే ఇంట్ల పెండ్లాన్ని తయారుగ పెట్టుకొని వచ్చిండని ఆడుకుంటరు."

అప్పటి నుంచి పక్కపక్క ఇళ్ల నుంచి బయల్దేరి ఇద్దరూ వేర్వేరు ఆటోలు ఎక్కేవారు. ఎవరా అబ్బాయి నీ వంక చూస్తున్నాడని అలేఖ్య అడిగితే, "మా ఊరతను, అంతే" అంది మనీషా. అబద్ధం కాదు. నిజం కూడా కాదు. అలాంటి మాటలే మనిషిని ఎక్కువ తిప్పలు పెడతాయి.

అది 2012. శ్రావణమాసానికి కాస్త ముందు, కాలేజీ పిల్లలిద్దరు ఒకే బండి మీద పోయి ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన విమానాలు చూస్తూ ఎవరి తండ్రికో కనపడ్డారు. ఆయన ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాడు. రాజారావు రెండు రోజులు దీర్ఘంగా ఆలోచించి నోటీసు పెట్టించాడు. రాఖీ పున్నమి నాడు ఎవరూ సెలవు పెట్టకూడదు. ఆ రోజు 'సోదర దినోత్సవం'. ప్రతి క్లాసులో ఆడపిల్లలు మగపిల్లలకు నంబర్ల వరసన రాఖీ కట్టాలి. రాకపోతే ఇంటర్నల్ మార్కులు ఉండవు.

మామూలుగా రాఖీ నాడు ఆ కాలేజీలో మగపిల్లలు ఒక్కరూ కనపడరు. ఈసారి సంతకు తోలుకొచ్చిన కోడెల్లా వరసలో నిలబడ్డారు.

"నా నంబరుకు ఎవరొస్తున్నరో జర చూడరా."

"నీకు సంధ్య వస్తది."

"సచ్చిన పో. మూడేండ్ల కష్టంరా నాది."

రాఖీలు కాలేజీయే తెప్పించింది. పువ్వు ఉండాల్సిన చోట కాలేజీ గుర్తు, దాని కింద ఎంసెట్ కౌన్సెలింగ్ కోడు. చెల్లెలి ప్రేమ కూడా అడ్మిషన్లకు పనికిరావాలని ఎవరికో తోచింది. మ్యాథ్స్ సారు చేతికి ఇంగ్లీషు మేడం రాఖీ కట్టదా అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఆ ఇద్దరి సంగతి కాలేజీ అంతటికీ తెలుసు. "స్టాఫుకు వర్తించదు" అన్నాడు రాజారావు, ఆ ఒక్కచోట గొంతు తగ్గించి.

మైకు అందుకుని ఆయన ఉపన్యసించాడు. "మన కళాశాలలో ఈ రోజు నుంచి అందరూ అన్నాచెల్లెళ్లే. ముందుగా ఒక జంట వేదిక మీదకు రావాలి. ఫోటో తీస్తారు."

అడిగి కట్టించుకునేది రాఖీ ఎలా అవుతుందని ఆయన అనుకోలేదు. దేవుడి పేరు పెట్టి ఏ పని చేయించినా అది దేవుడి పనేనని ఆయన నమ్మకం. ఆ నమ్మకం చాలామందికి ఉంది. దేవుణ్ణి మాత్రం ఎవరూ అడగరు.

స్నేహితురాలి ఫోటో పడుతుందన్న సంబరంలో అలేఖ్య లేచింది. "సార్, మనీషా, కొండల్ ఒకే ఊరు సార్!"

"భేష్. ఒకే ఊరి పిల్లలంటే తోబుట్టువుల కిందే లెక్క. రామ్మా. బాబూ, నువ్వూ రా. కుడిచేయి చాపు. ఫోటోగ్రాఫర్ గారూ, మన కోడు కనపడాలండీ, కోడు."

మనీషా చేతిలో పళ్లెం పెట్టారు. ఎదురుగా కొండల్ చేయి చాపి పైన ఫ్యాను వంక చూస్తున్నాడు. ఈయన నాకు బావ అవుతడు సార్ అని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది. ఆమె కింద బెంచీ వైపు చూసింది. అలేఖ్య బొటనవేలు పైకెత్తి నవ్వుతోంది.

"చెప్పు బావా," అంది మనీషా పెదాలు కదపకుండా.

"నువ్వే చెప్పు."

"నువ్వు మొగోనివి గద, నువ్వు చెప్పు."

"అందరు చూస్తున్నరు. కట్టు, ఏమైతది? ఇంట్ల ఎవలకు తెలుస్తది?"

"ఆలస్యం దేనికమ్మా?" అన్నాడు రాజారావు.

కట్టేసింది. ఫోటో పడింది. లడ్డూ నోట్లో పెట్టమంటే పెట్టింది. కొండల్ ఆమె తల మీద అక్షింతలు వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఇంట్లో అసలు రాఖీ. శివమ్మ కొత్తచీర కట్టుకుని, పళ్లెంలో కుంకుమ, దీపం, అరచేయంత మెరుపుల రాఖీ పెట్టుకుని వచ్చింది. ఏటా వస్తుంది. తమ్ముణ్ణి పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టి, కళ్లు మూసుకుని ఏదో మొక్కుకుని, రాఖీ కట్టింది. రాములు చీర తెచ్చి చేతిలో పెట్టాడు.

"చీరె నాకెందుకు తమ్మీ, నీ బిడ్డనియ్యి సాలు."

"ఇచ్చిన గద అక్కా, ఇంక ఎన్నిసార్లియ్యాలె?"

ఏటా ఇదే మాట, ఏటా ఇదే నవ్వు. గడపలో కూర్చున్న నాయనమ్మ అనంతమ్మ అంది, "గా దారం మీదనే గద ఉన్నది మన చుట్టరికం. వాడు నీకు తమ్ముడు గాబట్టే వాని బిడ్డ నీకు కోడలైతున్నది."

మనీషాకు నవ్వు రాలేదు. పూర్తిచేతుల చొక్కా వేసుకుని తలుపు పక్కన నిలబడ్డ కొండల్‌కూ రాలేదు. వాడు రాఖీని ఆటోలోనే విప్పి క్యాలిక్యులేటర్ డబ్బాలో పెట్టుకున్నాడు.

"పారెయ్యవేంది?" అని గోడ దగ్గర అడిగింది మనీషా.

"పున్నమి నాడు కట్టింది. ఎట్ల పారేస్త? నువ్వు పారెయ్యి."

"కట్టినదాన్ని నేనెట్ల పారేస్త?"

అదలా డబ్బాలోనే ఉండిపోయింది.

ఆ ఏడు కౌన్సెలింగ్ ఆలస్యమైంది. రాఖీ అయిన కొన్నాళ్లకు హైవే పొడుగునా ఆ కాలేజీ ఫ్లెక్సీలు లేచాయి. సాతంరాయి మలుపు దగ్గర లేచింది అన్నిటికంటే పెద్దది. అందులో మనీషా కొండల్ చేతికి రాఖీ కడుతోంది. ఒక్కొక్కరి ముఖం తలుపంత ఉంది. పైన 'సోదరభావానికి నిలయం. మీ అమ్మాయి మా వద్ద భద్రం' అని రాసి ఉంది. కింద కోడు.

అనంతమ్మకు చదువు రాదు, కళ్లు మాత్రం బాగానే కనపడతాయి. పాలు పోసి వస్తుంటే పాన్‌డబ్బా మల్లేశ్వర్ పిలిచాడు.

"అవ్వా, నీ మనుమరాలు రోడ్డుకెక్కింది చూసినవా? నీ మనుమనికి రాఖీ కట్టింది. ఇగ లగ్గం ఖర్చు తప్పింది తియ్యి."

ఆమె ఇంటికి రాకుండా నేరుగా గుడికి పోయింది.

అనంతమ్మ ఇల్లు చేరేసరికి శివమ్మ వాకిట్లో నిలబడి ఉంది.

"ఏమే పోరీ, నా కొడుక్కు రాఖీ కడ్తవా? ఊరంత ఏమంటున్నరో తెల్సా? నీ కోడలు నీకు బిడ్డయిందట గదా అంటున్నరు."

"జబర్దస్తీగ కట్టిచ్చిండ్రు అక్కా, మార్కులు తీసేస్తమన్నరట," అన్నాడు రాములు.

"కట్టినంక కట్టినట్టే తమ్మీ. పున్నమి పూట, బొట్టు పెట్టి, అక్షింతలేసి! దానికే మల్ల వీనితోని తాళి కట్టిస్తే నా ఇంట్ల దీపం నిలుస్తదా? నాతోని కాదు. ఈ లగ్గం మాట ఇగ ఇడిసిపెట్టు."

మనీషా పక్కకు చూసింది. గోడ అవతల కొండల్ తల దించుకుని నిలబడి ఉన్నాడు. ఆ గోడ మీద చెయ్యి ఆనించడానికి ఇక వాడు రాడు. వచ్చినా ఏ వరసన వస్తాడు?

అనంతమ్మ గడపలో కూర్చుని మనవరాలిని పిలిచింది.

"బిడ్డా, నీ చెయ్యి పట్టుకొని కట్టిచ్చిండ్రా?"

"లే."

"నోరు మూసిండ్రా?"

"లే."

"మరెందుకు కట్టినవ్?"

"సిగ్గయింది నాయనమ్మా. బావంటె నవ్వుతరని."

"ఎవలు?"

మనీషా చెప్పబోయింది. అలేఖ్య, ఆ బెంచీ, పచ్చబస్సు. ఆ వాకిట్లో నిలబడి తలుచుకుంటే అవేవీ చెప్పుకునేంత పెద్దవిగా కనపడలేదు. ఏడుపొచ్చింది.

"గుళ్లె అయ్యగారిని అడిగొచ్చిన," అంది అనంతమ్మ. "మనసుల లేకుండ కడితే కట్టినట్టు కాదు, ఏం కాదు పొమ్మన్నడు. మంచోడే, చదువుకున్నోడే. గని నాకు ఒప్పలె. మనసుల లేదంటరు, మరి చేతులు చేసినయి గద? దేవుని ముంగట అబద్ధమాడితే దేవునికి చెప్పుకుందుము. వీళ్లు మంది ముంగట ఆడిండ్రు. మందికే చెప్పాలె. ఏడ కట్టినవో ఆడనే ఇప్పిరా. గా మందే ఉండాలె."

కొండల్ గోడ మీదుగా తల పెట్టాడు. "అమ్మమ్మా, అందరి ముంగట్నా? నా పరువేం గావాలె?"

"నీ పరువు మలుపుకాడ ఫ్లెక్సీ మీద ఉన్నదిరా. ఇంక కొత్తగ పోయేదేముంది?"

శివమ్మ కొంగు దోపుకుంది. "ఇప్పొస్తే సూస్త. ఇప్పకుంటె మాత్రం నా గడప తొక్కకు పోరీ."

మర్నాడు పొద్దున ఫౌంటెను ముందు ప్రార్థనకు అందరూ నిలబడ్డారు. మనీషా ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి, సోదర దినోత్సవం గురించి ఒక మాట చెప్పుకుంటాం సార్ అంది. రాజారావు ముఖం విచ్చుకుంది.

"చాలా సంతోషం. చెప్పమ్మా. చివర్లో కోడు కూడా చెప్పు."

కొండల్ క్యాలిక్యులేటర్ డబ్బా తీసి రాఖీని తన చేతికి తనే పెట్టుకుని, ఒక కొస పళ్లతో పట్టి ముడి వేసుకున్నాడు. పిల్లలు వింతగా చూశారు. మనీషా మైకు అందుకుంది. ముందు వరసలో అలేఖ్య ఫోన్‌లో ఫోటో తీయడానికి సిద్ధంగా ఉంది.

"అందరికి చెప్పేదేందంటే..." అంది.

సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. మోతకు మైకు మూగబోయింది. మనీషా తెరిచిన నోరు తెరిచినట్టే ఆగింది. అంత తీరిగ్గా ఏ విమానమూ దిగి ఉండదు. వందల కళ్లు ఆమె మీదే ఉన్నాయి. వెనక్కి తిరిగి పోవడానికి కావలసినంత వ్యవధి దొరికింది. ఆమె పోలేదు. వీణ లేని సరస్వతి వంక చూస్తూ నిలబడింది.

మోత పోయింది.

"కొండల్ నాకు అన్న కాదు. మా మేనత్త కొడుకు, నాకు బావ. మా లగ్గం అనుకున్నరు. మీరు నవ్వుతరని చెప్పలె. సిగ్గుపడి రాఖీ కట్టిన. అది తప్పు. ఇప్పుడు ఇప్పుతున్న."

ముడి బిగుసుకుపోయి ఉంది. గోళ్లతో రాలేదు. చేయి పట్టుకుని వంగి పళ్లతో లాగింది. ఆడపిల్లా మగపిల్లాడూ పలకరించుకోకూడని ఆ కాలేజీలో, సరస్వతి సాక్షిగా, ప్రిన్సిపాల్ ఎదుటే. ఈలలు, కేకలు మొదలయ్యాయి. "బావగారూ!" అని ఒకడు అరిచాడు. కొండల్ చెవులు కందిపోయాయి, కానీ చేయి వెనక్కి తీసుకోలేదు.

రాజారావు మైకు లాక్కున్నాడు. ఆయనకు తప్పు అక్కడ కనపడలేదు, ఇంకోచోట కనపడింది.

"ఈ ముక్క ముందే చెబితే ఫోటోకి వేరే పిల్లల్ని పెట్టేవాళ్లం కదమ్మా! ఇప్పుడా ఫ్లెక్సీలన్నీ ఏం చేయను?"

వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది. "సార్, సంధ్య కూడ నాకు మరదలే సార్!"

"నాక్కూడ సార్!"

"సైలెన్స్! ఇక నుంచి బావనని చెప్పుకునేవాడు తహసీల్దారు దగ్గర సర్టిఫికెట్ తేవాలి!"

మధ్యాహ్నం క్యాంటీన్లో మనీషాకు బెంచీలో చోటు లేకపోయింది. కూర్చున్నవాళ్లు ఎవరూ జరగలేదు. ఆమె పళ్లెం పట్టుకుని వెనక్కి పోయింది. ఎప్పుడో ఆ బెంచీ నుంచి వెళ్లిపోయిన అమ్మాయి జరిగి చోటిచ్చింది. పెద్దగా పలకరించలేదు. నాడు అందరికంటే గట్టిగా నవ్విందెవరో ఆమెకు గుర్తున్నట్టే ఉంది. అయినా జరిగింది.

చేతులు కడుక్కునే చోట అలేఖ్య పక్కకు వచ్చింది. అటూ ఇటూ చూసింది.

"మా అమ్మా నాన్నా కూడా అంతే," అంది మెల్లగా. "మేనరికమే. ఎవరికీ చెప్పకు, ప్లీజ్."

మనీషా ఆమె ముఖంలోకి చూసింది. కోపం రావలసింది, రాలేదు. "నేనెందుకు చెప్త? నువ్వే చెప్పుకో," అంది. అలేఖ్య తడిచేతులతో అలాగే నిలబడిపోయింది.

సాయంత్రం గేటు బయట షేర్ ఆటో ఆగింది. చాన్నాళ్లకు ఇద్దరూ మళ్లీ ఒకే ఆటో ఎక్కారు. వెనక పచ్చబస్సు కిటికీల నిండా ముఖాలున్నాయి.

"రాఖీ ఏం చేసినవ్?" అని అడిగాడు కొండల్.

"సరస్వతమ్మ ఒళ్లె పెట్టొచ్చిన. ఆమె చేతులు ఖాళీగనే ఉన్నయి గద."

మలుపు దగ్గర ఆటో దిగేసరికి ఫ్లెక్సీ కింద నిచ్చెన వేసి ఉంది. పైన రాములు కొడవలి పట్టుకుని కూర్చున్నాడు. కింద అనంతమ్మ, కాస్త ఎడంగా కొంగు నోటికడ్డం పెట్టుకుని శివమ్మ. పైన ఫ్లెక్సీలో ఇద్దరూ ఇంకా అన్నాచెల్లెళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

"ఇప్పినవా?" అని అడిగింది అనంతమ్మ.

"ఇప్పిన."

"మంది ముంగట్నే?"

"అందరి ముంగట్నే."

అనంతమ్మ కూతురి వైపు చూసింది. శివమ్మ ముందుకు వచ్చి కొడుకు చేయి పట్టుకుని, మణికట్టును ఇటూ అటూ తిప్పి చూసి వదిలేసింది.

"కొయ్యి తమ్మీ," అంది పైకి చూసి. తర్వాత మనీషా వైపు తిరిగింది. "ఏం సూస్తున్నవే నిలబడి? ఆ కొస పట్టు. మా కొట్టం మీద రేకులు కారుతున్నయి. బొమ్మ కిందికి రావాలె, జర చూసి కప్పుదం. ఊరోళ్లు చూసింది సాలు, ఇగ బర్రె చూస్తది."